మూతికి కట్టిన దారం

పిడికిట్లో ఇమిడిపోయే ఒక జంతువు కోసం ఇల్లంతా తలకిందులైందంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ వానాకాలం మా ఇంట్లో ఉన్న నలుగురిలో ఒక్కరైనా కుదురుగా కూర్చుని భోజనం చేసిన గుర్తు నాకు లేదు.

నేను మ్యూజియంలో పనిచేస్తాను. క్షీరదాల విభాగం నాది. అంటే ఏనుగులూ పులులూ అనుకునేరు, వాటిని చూడ్డానికి జనం కింది అంతస్తుకి వెళ్తారు. నాది పై అంతస్తులో, కిటికీలు సగమే తెరుచుకునే పొడవాటి గది. అక్కడ ఎలుకలు, చుంచులు, గబ్బిలాలు, పిల్లల్ని పొట్ట మీది సంచిలో పెట్టుకు మోసే చిన్న చిన్న సంచి జంతువులు ఉంటాయి. కొన్ని దూది కూరిన తోళ్ళుగా డ్రాయర్లలో, కొన్ని స్పిరిట్ సీసాల్లో. నాకంటే ముందు ఆ గదిలో, ఆ కుర్చీలోనే, తన ఉద్యోగమంతా కూర్చున్నది మా మావయ్య. నాకు ఆ ఉద్యోగం వచ్చాకే ఆయన కొడుకుతో పరిచయమైంది, పెళ్ళి ఆ తర్వాత. అయినా సరే, మావగారి కుర్చీని కోడలికి కట్టబెట్టారని చెవులు కొరుక్కునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మావయ్య మాత్రం ఆ మాట ఎన్నడూ అనలేదు. ఆయన దృష్టిలో నేనింకా ఆ కుర్చీలో కూర్చోలేదు, అంతే.

మా పెద్దలు వలసొచ్చి స్థిరపడ్డ ఈ దీవిలో, మబ్బులు వీడని కొండల్లో తిరిగే చిన్న జంతువుల గురించి మావయ్య ఒక పెద్ద పుస్తకం రాశారు. ఆ కొండల గురించి ఎవరు ఏం రాయాలన్నా దాన్ని తిరగెయ్యాల్సిందే. దాని రెండో ముద్రణ ఆ వానాకాలం చివర రాబోతోంది. ప్రూఫులు డైనింగ్ టేబుల్‌ని సగం ఆక్రమించాయి. ఈసారి ఆయన కొత్తగా ఒక చివరి మాట చేర్చారు: అక్కడ వెతకాల్సిందంతా వెతికాం, ఇక కొత్త జాతి అంటూ దొరకదు. అది రాసిన రోజు మా ముగ్గుర్నీ కూర్చోబెట్టి చదివి వినిపించారు.

"తలుపు వేసి గడియ పెట్టినట్టుంది" అన్నారు అత్తయ్య.

"పెట్టేశాను" అన్నారు మావయ్య, ఎంతో తృప్తిగా.

ఆ మర్నాడే నేను ఆ కొండలకి బయల్దేరి, నెల తిరక్కుండా దిగి వచ్చాను. మోకాళ్ళ దాకా బురద, గొంతు పోయింది, కాళ్ళు మాత్రం భూమ్మీద ఆనడం లేదు. నా పెట్టెలో ఒక ఎలుక ఉంది. నాచు పట్టిన చెట్ల మొదళ్ళలో దొరికింది. అలాంటిదాన్ని నేను ఏ డ్రాయర్లోనూ చూడలేదు.

"మావయ్యా, కొత్త ఎలుక!" అన్నాను గుమ్మంలోంచే.

"కాళ్ళు కడుక్కున్నావా?"

"కడుక్కుంటాను. తోక చూడండి ముందు. సగం నుంచి చివరిదాకా తెలుపు."

ఆయన ప్రూఫుల మీంచి తల ఎత్తలేదు. "తోక రంగు చూసి జాతి చెప్పడమూ, జుట్టు రంగు చూసి వయసు చెప్పడమూ ఒకటే, అమ్మాయ్."

"మీరు జుట్టుకి రంగు వెయ్యడం మానేశాక ఆ మాట అనండి" అన్నారు వంటింట్లోంచి అత్తయ్య.

మా ఆయన పకపకా నవ్వాడు. ఆయన పళ్ళ డాక్టరు. వీధి చివరే క్లినిక్కు. "నా కొడుకూ కోడలూ ఊళ్ళో నోళ్ళూ ఎలుకల నోళ్ళూ తెరిపించి బతుకుతున్నారు, నేనొక్కదాన్నే నోరు మూసుకుని బతుకుతున్నాను" అని అత్తయ్య వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటారు. ఆవిడ నోరు మూసుకోగా మేమెవరం చూడలేదు.

మావయ్య చివరికి నా ఎలుకని చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, తిరిగిచ్చేశారు. "పాతదే. చలికి బొచ్చు పెరిగింది. నా సీసాల్లో దీని చుట్టాలు బోలెడున్నాయి. పడమటి గోడ, కింది అర. తీసి పక్కన పెట్టి చూసుకో. చూశాక మాట్లాడదాం."

నాకు ఒళ్ళు మండింది. మర్నాడు మ్యూజియం తలుపులు తీయకముందే వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను.

ఆ సీసాల గురించి ఒక మాట చెప్పాలి. స్పిరిట్‌లో వేసే జంతువు నోట్లో ఎవరైనా చిన్న దూది ఉండ కుక్కి, పళ్ళు కనిపించేలా తెరిచి ఉంచుతారు. పైకి చూస్తే ఈ బుడత జంతువులన్నీ ఒక్కలాగే ఉంటాయి, ఏది ఏదో పళ్ళే చెబుతాయి. కానీ మావయ్య పద్ధతి వేరు. ఆయన మూతి మూసి, సన్నటి తెల్లదారంతో కట్టేవారు. నాలుగు కాళ్ళూ దగ్గరికి చేర్చి, పొట్టకి ఆనించి, ఇంకో దారం. ఒక రోజు బోనుల్లో పడ్డవన్నీ ఒకే పల్చటి గుడ్డలో వరసగా చుట్టి ఒకే సీసాలో పెట్టేవారు. "నోరు తెరుచుకుని పడుంటే దిక్కులేని చావులా ఉంటుంది. మన చేతిలో పోయిన ప్రాణికి ఆ మాత్రం మర్యాద చెయ్యొద్దా?" అనేవారట. అందులోంచి ఒకదాని పుర్రె తీసి చూసి జాతి తేల్చేవారు. మిగతావి దాని పక్కన పడుకున్నాయి కాబట్టి వాటికీ అదే పేరు. ఆయన చేతిపని ఎంత నీటుగా ఉంటుందంటే ఆ మూటలు విప్పడానికి ఎవరికీ మనసొప్పలేదు.

నేను విప్పాను. గుడ్డ మడతలోంచి ఒక్కొక్కటే తీసి పళ్ళెంలో పరిచాను. ఎలుక, ఎలుక, మళ్ళీ ఎలుక. నా ఎలుకతో ఏదీ పూర్తిగా కలవడం లేదని లోలోపల సంబరపడుతూ ఇంకోదాన్ని తీశాను. మూతి కాస్త పొడుగ్గా అనిపించింది. కాళ్ళకి కట్టిన దారం స్పిరిట్‌లో నాని నాని జారిపోయింది. వెనక కాలు నా వేలికి తగిలింది.

ఆ కాలి బొటనవేలు మిగతా వేళ్ళకి ఎడంగా, మన చేతి బొటనవేలిలా పక్కకి తిరిగి ఉంది. దానికి గోరు లేదు.

"అయ్యబాబోయ్" అన్నాను పైకే.

ఎలుక కాలు అలా ఉండదు. ఏ ఎలుకకీ ఉండదు. కొమ్మని పట్టుకోవడానికి గోరులేని బొటనవేలు ఉండేది సంచి జంతువులకి. ఇది మగది కాబట్టి సంచి లేదు. సంచి లేదు, నోరు కట్టేసి ఉంది, కాళ్ళు మడిచి ఉన్నాయి, బొచ్చు తడిసి ఎలుక రంగులో ఉంది. ఎలుకల మధ్య ఎలుకగా ఇన్నేళ్ళూ హాయిగా పడుకుంది. పళ్ళెం కిందపడుతుందేమోనని బల్ల మీద పెట్టి, గది ఆ చివరి నుంచి ఈ చివరిదాకా రెండుసార్లు నడిచొచ్చాను. నడిచొచ్చినా అది అలాగే ఉంది.

పళ్ళు చూస్తే తేలిపోతుంది. కానీ దవడలు బిగుసుకుపోయాయి. బలవంతం చేస్తే పెళుక్కుమని విరుగుతాయి. ఇలాంటిది ప్రపంచం మొత్తం మీద ఇదొక్కటే ఉందేమో. అదీగాక ఆ దారం ఆయన కట్టింది. కత్తెర చేతిలోకి తీసుకున్నాను, మళ్ళీ పెట్టేశాను.

ఎందుకంటే అప్పటికి నాకు మిగతాది తట్టింది. ఇది నిజంగా కొత్త జాతి అయితే, ఇక కొత్తది దొరకదని రాసిన మనిషి సీసాలోనే, ఆయన చేత్తో కట్టిన మూటలోనే అది దొరికింది. ఆ పుస్తకం అలాగే అచ్చయితే లోకం మావయ్యని చూసి నవ్వుతుంది. చెబితే ఆయన నన్ను క్షమించరు. నా వృత్తిలో ఇంతకన్నా పెద్ద సంతోషం ఉండదు, అది ఆ మనిషి పరువు మీద నుంచి నడిచి రావాలి.

మ్యూజియంలో ఎక్స్‌రే యంత్రం ఎప్పుడూ మరమ్మతులోనే ఉంటుంది. అందుకని సంతకం పెట్టి, సీసా సంచిలో వేసుకుని, హోరున కురుస్తున్న వానలో తిన్నగా మా ఆయన క్లినిక్కుకి పోయాను.

వాన పడితే పళ్ళు నొప్పెడతాయో ఏమో, బెంచీ నిండా జనం. బుగ్గ పట్టుకున్న ఒక పెద్దావిడ లోపలికి వెళ్ళబోతుంటే ఆవిడ కంటే ముందు నేను దూరాను.

"పళ్ళ ఎక్స్‌రే తియ్యాలి. ఇప్పుడే" అన్నాను.

"నీకా?" అన్నాడు మా ఆయన కంగారుగా.

సీసా తీసి చూపించాను. పెద్దావిడ నా వెనకే వచ్చి తొంగి చూసింది. "బాబూ, నేను ముందొచ్చాను. ఎలుక తర్వాతా నా వంతు?"

"ఒక్క నిమిషమండీ, అర్జెంటు కేసు."

ఆవిడ మనసు కరిగింది. "పాపం, నొప్పి బాగా ఉందా దానికి?"

"లేదమ్మా. దానికిప్పుడు ఏ నొప్పీ లేదు."

మనుషుల పన్నుకి వాడే బుల్లి ఫిల్ముమీద ఆ తల అచ్చంగా సరిపోయింది. మేమిద్దరం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. ఫిల్ము తడి ఆరకముందే ఆయన దాన్ని దీపానికి ఎత్తి పట్టాడు. చూస్తూ చూస్తూ కనుబొమ్మలు ముడిచాడు.

"ఎలుకన్నావు కదూ?"

"నేననలేదు. మీ నాన్నగారన్నారు."

"ఎలుకకి ముందు పైన రెండు, కింద రెండు. తర్వాత బోలెడు ఖాళీ. అంతే కదా? నువ్వే చెప్పావు. దీనికి ఖాళీ ఏదీ? ముందు పళ్ళే ఇన్ని ఉన్నాయి, పక్కనే కోరపన్ను కూడా. దవడ మూల లోపలికి వంగింది చూడు." ఆయన గొంతు పెరిగిపోయింది. "ఇదేంటి అసలు?"

"సంచి జంతువు!" అని కేకపెట్టి ఆయన మెడ కౌగిలించుకున్నాను. బెంచీ మీది జనమంతా లేచి నిలబడ్డారు. పెద్దావిడ మాత్రం, "పిల్ల పుట్టిందా?" అని అడిగింది.

కాస్త సద్దుమణిగాక మా ఆయన అన్నాడు. "నాన్నకెవరు చెబుతారు?"

"మీరు."

"నేను పళ్ళ డాక్టర్ని. గుండె డాక్టర్ని కాను."

ఆ సాయంత్రం ఇంటికెళ్ళేసరికి మావయ్య కిటికీ పక్కన ప్రూఫులు దిద్దుకుంటున్నారు. ఎలా మొదలుపెట్టాలో దారిపొడుగునా అనుకుంటూనే వచ్చాను. వచ్చాక ఒక్క మాటా గుర్తులేదు. ఫిల్ము నా చేతిలోనే ఉంది.

"ఏమిటది? నీ ఎలుకదేనా? ఇటివ్వు" అని ఆయనే లాక్కున్నారు. కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టారు.

ముందు కళ్ళజోడు పైకి తోశారు. తర్వాత తీసేశారు. కుర్చీలోంచి లేచారు.

"ఇది ఎలుక కాదే! సంచి జంతువు!" అన్నారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు, పాతికేళ్ళ కుర్రాడిలా ఉంది. "ఈ కోరపన్ను చూశావా? ఇంత పొట్టిగానా? కింది దవడ చూడు, ఎంత సన్నగా ఉందో! దీన్ని నేనెక్కడా చూడలేదు. ఎవరూ చూళ్ళేదు. అమ్మాయ్, ఇది కొత్తది! ఎక్కణ్ణుంచి వచ్చింది? ఏ దేశం వాళ్ళు పంపారు? ఇలా రావే, ఇది చూడు!"

ఆఖరి మాట అత్తయ్యకి. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి ఫిల్ము తలకిందులుగా పట్టుకుని, "బాగుంది" అన్నారు.

"బాగుండడమేమిటి! ఎవరు పట్టారు దీన్ని? అది చెప్పు ముందు. అదృష్టమంటే వాడిదీ!"

"మీరే, మావయ్యా" అన్నాను.

ఆయన నవ్వబోయి, నా ముఖం చూశారు.

"ఏ సీసా?" అన్నారు.

"పడమటి గోడ. కింది అర."

ఆయన ఫిల్ముని ప్రూఫుల పక్కన జాగ్రత్తగా పెట్టారు. కూర్చున్నారు. "కాఫీ ఉందా?" అని అడిగారు. అత్తయ్య తెచ్చి పెట్టిన కాఫీ చల్లారి తొరక కట్టేదాకా ముట్టుకోలేదు.

ఆ తర్వాత ఇల్లు మూగదైపోయింది. వాన, వానలో మావయ్య గది తలుపు, ఆ తలుపు ఇవతల మేము. ఆయన భోజనానికి వచ్చేవారు, పెట్టింది తినేవారు, వెళ్ళిపోయేవారు. వారం తిరగకుండా అత్తయ్య నన్ను వంటింట్లో పట్టుకున్నారు.

"పెళ్ళైన దగ్గర్నుంచి ఆ మనిషి నాతో రోజూ పోట్లాడుతున్నాడు" అన్నారు. "నిన్న ఉప్పు వెయ్యడం మర్చిపోయాను. గమ్మున తినేసి లేచాడు. నాకు భయమేస్తోందే. ఆ ఎలుకేదో వెనక్కి పెట్టెయ్యకూడదూ?"

"ఎలుక కాదత్తయ్యా."

"అదే నా ఖర్మ. ఎలుకైనా బాగుండును."

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ జంతువుని మళ్ళీ గుడ్డలో చుట్టి, సీసాలో పెట్టి, మూత బిగించడం నాకు చేతకాదు. చేతనైనా చెయ్యను. అది ఉంది. దాన్ని ఉందని చెప్పడమే నా ఉద్యోగం. కానీ ఆ మౌనం చూస్తూ ఒక్క వాక్యమూ రాయలేకపోయాను. మ్యూజియంలో కూర్చుని నా ఎలుక కొలతలు తీసుకుంటూ, దాని తలని మాంసం తినే పురుగుల పెట్టెలో వేసి, అవి పుర్రెని శుభ్రం చేసేదాకా ఎదురుచూస్తూ గడిపాను.

పుర్రె బయటికి తీద్దామనుకున్న రోజున తలుపు దగ్గర అలికిడైంది. మావయ్య. గొడుగు ఉంది, అయినా నిలువునా తడిసిపోయారు. రిటైరయ్యాక ఆ గది గడప తొక్కడం అదే మొదటిసారి.

"లోపలికి రావచ్చా?" అని అడిగారు.

నా కుర్చీ జరిపి లేచాను.

"కూర్చో, కూర్చో. నేను ఈ స్టూలు మీద కూర్చుంటాను." కూర్చుని, తల తుడుచుకుని, నాకేసి చూడకుండా అన్నారు. "ప్రెస్సు నుంచి వస్తున్నాను. పని ఆపమన్నాను. ప్రెస్సువాడు నోటికొచ్చినట్టు తిట్టాడు. తిట్టనీ. ఆ చివరి మాట తీసి పారేశాను. సంచి జంతువుల దగ్గర జాగా వదలమన్నాను, ఎంత కావాలో తర్వాత చెబుతానని. సీసా ఎక్కడ?"

పళ్ళెం తెచ్చి ముందు పెట్టాను. ఆయన దాన్ని చాలాసేపు చూశారు. బొటనవేలు మెల్లగా తాకారు.

"ఆ రోజు కుండపోత" అన్నారు. "గుడారం లోపలా బయటా ఒకటే. నేను ఎలుకల కోసం వెళ్ళాను. బోనులో ఏం పడ్డా ఎలుకే అనుకున్నాను. దీని మూతి ఇలా రెండు వేళ్ళతో మూసి దారం కట్టాను. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి తెరిచి చూసుంటే..."

కత్తెర అడిగి తీసుకున్నారు. తను కట్టిన ముడి తనే కత్తిరించారు. సన్నటి సూదితో పై పెదవిని పక్కకి జరిపి, "లెన్సు" అన్నారు. నేను లెన్సు చేతిలో పెట్టాను. ఆయన వంగి చూశారు.

"ఎంత ముచ్చటగా ఉన్నావే" అన్నారు దానితో. ఆ తర్వాత నాతో, "నీ ఎలుక పుర్రె ఏది? అది కూడా పట్రా."

పురుగుల పెట్టెలోంచి అప్పుడే తీసిన పుర్రె. తెల్లగా, గోరంత తేలిగ్గా ఉంది. దాన్ని నేనూ అదే మొదటిసారి చూడడం. ఆయన తిప్పి, పై దవడ వెలుతురుకి పెట్టి, ఒక్కసారిగా బిగుసుకుపోయారు.

"వెనక పళ్ళెన్ని ఉండాలి ఒక్కో వైపు?"

"మూడు."

"ఎన్నున్నాయి?"

నేను లెన్సు లాక్కుని చూశాను. "రెండు. మూడోది ఇంకా రాలేదేమో. పిల్లది కదా."

"పిల్లదా? ఉన్న రెండూ ఎంత అరిగిపోయాయో చూడు! ఇది ముసలిది, అమ్మాయ్. నా అంత ముసలిది. ఇంకెప్పుడొస్తుంది దీనికి పన్ను? రాదు! అటు వైపూ లేదు. పన్ను ఊడిన గుంట కూడా లేదు. దీని వంశంలోనే మూడో పన్ను లేదు!"

"అంటే..."

"అంటే నీది కూడా కొత్తదే! నువ్వు చెప్పిన కారణం మాత్రం తప్పు. తోకట, తోక!"

ఇద్దరం ఒకేసారి మాట్లాడుతున్నాం. ఇద్దరం ఒకే లెన్సు కోసం పెనుగులాడుతున్నాం. ఆయన స్టూలు కిందపడింది. ఏం జరిగిందోనని కింది నుంచి వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైందండీ?"

"ఎలుకకి పన్ను లేదు!" అన్నారు మావయ్య, ముఖం వెలిగిపోతుండగా.

"మా అమ్మకీ లేవండి" అని అతను వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి రోజుల్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. ప్రూఫులు పోయి, టేబుల్ మీదికి పుర్రెల బొమ్మలు వచ్చాయి. కంచాల పక్కన కొలతల పరికరాలు. చెవి పొడవు మీద ఒక పూట, మీసాల మీద ఒక పూట తగాదాలు. మా ఆయన క్లినిక్కు మూసి రాగానే ఎక్స్‌రేలు పట్టుకుని కూర్చునేవాడు. అత్తయ్య కూర ఎక్కడ పెట్టాలో తెలీక గిన్నె పట్టుకుని నిలబడి, "ఈ ఇంట్లో మనుషులకి చోటుందా, లేదా?" అని అరిచేవారు. మావయ్య వెంటనే ఎదురరిచేవారు. ఆవిడ ముఖంలో ఆ సంతోషం చూడాలి.

సంచి జంతువుని పాత పుస్తకంలో ఎలుకగా లెక్కేశారన్న సంగతి నేను వ్యాసంలో చాలా మెత్తగా రాశాను. పొరబాటున నమోదైంది, అని. మావయ్య చదివి కాగితం నా మీదికి విసిరారు.

"నమోదైందా? దానంతట అదే నడిచెళ్ళి నమోదైందా? ఎవరు చేశారో రాయి. నోరు తెరిచి చూడకుండా కట్టేశాడని రాయి. రేపు ఇంకొకడు అలాగే కట్టకుండా ఉంటాడు."

రాశాను. ఇక మిగిలింది పేర్లు. ఎలుకకి నాచు పేరు కలిసేలా పెడదామనుకున్నాం. సంచి జంతువు దగ్గరికొచ్చేసరికి అత్తయ్య ముందుగానే హెచ్చరించారు. "నా పేరు పెట్టారంటే పుట్టింటికి పోతాను."

మా పనిలో ఒక మర్యాద ఉంది. కొత్త జంతువుని లోకానికి వర్ణించి చెప్పేవాళ్ళు దానికి తమ పేరు తాము పెట్టుకోరు. ఇతరుల పేరు పెట్టొచ్చు, అది చాలా పెద్ద గౌరవం. ఎన్నో రోజులుగా నా మనసులో ఉన్నదదే. ఆయన పరువుకి నేను చెయ్యగలిగింది అదొక్కటే అనిపించింది.

"మీ పేరు పెడదామనుకుంటున్నాను, మావయ్యా" అన్నాను.

మా ఆయన తలెత్తి తండ్రివైపు చూశాడు. అత్తయ్య కళ్ళు చెమర్చాయి. ఆవిడ కొంగు అందుకుంటూ, "పెట్టమ్మా, పెట్టు" అన్నారు.

"వద్దు" అన్నారు మావయ్య.

"ఎందుకని?"

"నా పేరు దానికి పెడితే, రాసినవాళ్ళలో నేనుండకూడదు. అంతే కదా?"

"అంతే. కానీ ఆ పేరు ఎప్పటికీ..."

"ఎప్పటికీ ఉంటుంది. తెలుసు. ఫొటో కట్టించి గోడకి తగిలించడం లాంటిది. కిందనుంచి వెళ్ళేవాళ్ళంతా పాపం మంచివాడు అనుకుంటారు." ఆయన కోపంగా లేరు. చాలా నెమ్మదిగా, బతిమాలుతున్నట్టు మాట్లాడుతున్నారు. ఆ మనిషి బతిమాలడం నేను చూడడం అదే మొదటిసారి. "అమ్మాయ్, రిటైరైన రోజు నుంచి నన్నందరూ గౌరవిస్తూనే ఉన్నారు. గౌరవించి గౌరవించి చంపేస్తున్నారు. తలుపు వేసేశానని నేనెందుకు రాశాననుకున్నావు? నేను లేని చోట ఇంకొకళ్ళు తిరుగుతుంటే చూడలేక. నాకు పేరొద్దు. పని కావాలి. పెట్టుకుంటావా నన్ను పనిలో?"

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. తల ఊపానో, ఊపాననుకున్నానో తెలీదు. ఆయన నా జవాబు కోసం ఆగలేదు. వ్యాసం మొదటి కాగితం ముందుకు లాక్కుని, పెన్ను మూత తీశారు.

"ముందు నీది, తర్వాత నాది" అన్నారు. "కనిపెట్టింది నువ్వు, పోగొట్టుకుంది నేను. ఆ వరస ఎవరు మార్చమన్నా మార్చకు."

పైన నా పేరు రాశారు. అక్షరం అక్షరం ఆగి, పూర్తి పేరు. ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆయన నన్ను పేరుపెట్టి పిలిచి ఎరగరు, అసలు నా పేరు ఆయనకి గుర్తుందో లేదోనని కూడా అనుకునేదాన్ని. దాని కింద తన పేరు రాసుకున్నారు. సిరా ఆరేదాకా ఊది, కాగితం టేబుల్ మధ్యకి తోసి, నాకేసి తిరిగారు.

"ఊఁ, ఇప్పుడు చెప్పు. వెనక పాదం కొలత ఎంతొచ్చింది?"